సీ క్యాంపు దగ్గర ముల్లంగి ఆకు పుల్లగూర

మొదటిసారి ఆ పళ్లెం ముందు కూర్చున్నప్పుడు, "ఇది గోంగూరా, చుక్కకూరా?" అని అడిగాను. వడ్డిస్తున్న ఆమె రెండూ కాదన్నట్టు తల ఊపి, "ముల్లంగి ఆకు మేడమ్" అన్నారు. ఇంకో ముద్ద కలుపుకుని తిన్నాను. పులుపు, పచ్చిమిర్చి కారం, వాటి వెనక ఎక్కడో సన్నగా ఆవ ఘాటు. ముప్పై రెండేళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. ముల్లంగి పువ్వులో నాలుగు రేకులు శిలువ ఆకారంలో అమరి ఉండటం ఎన్నోసార్లు నల్లబల్ల మీద గీసి చూపించాను. అది ఆవ కుటుంబపు మొక్క అని పిల్లల చేత వల్లె వేయించాను. ఆ కుటుంబ సంబంధం నాలుకకు తెలిసింది మాత్రం ఆ మధ్యాహ్నమే.

కర్నూలు సీ క్యాంపు రైతుబజారుకు నడిచి వెళ్లగలిగిన దూరంలో, ఒక ఇంటి వసారాలో నడుస్తున్న భోజనశాల ఇది. బోర్డు లేదు. నీలం రంగు ఇనుప గేటు, పక్కన వేపచెట్టు, చెట్టుకు కట్టిన పలక మీద సుద్దముక్కతో ఆనాటి కూరల పేర్లు. నాలుగు బల్లలు, పదహారు కుర్చీలు. మధ్యాహ్నం 12 నుంచి రెండున్నర వరకే తెరిచి ఉంటుంది, ఆదివారం సెలవు. భోజనం 80 రూపాయలు. అన్నంతో పాటు రాగి సంగటి కూడా కావాలంటే మరో 15. మంగళ, శుక్రవారాల్లో జొన్నరొట్టె ఉంటుంది. నడిపేది యాభై ఏళ్ల లోపు భార్యాభర్తలు, సాయానికి ఆమె ఆడపడుచు. కార్తీక మాసం మొదలుకొని ఇప్పటికి పదకొండుసార్లు తిన్నాను కాబట్టి ఒక్క పూట రుచికి మురిసిపోయి రాస్తున్న మాటలు కావివి.

ఈ వంటింటి ప్రత్యేకత ఏమిటంటే, రోజూ చేసే రెండు కూరల్లో ఒకటి మనం కూరగాయ కొనేటప్పుడు "తీసేయండి" అని చెప్పే భాగంతో వండుతారు. ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు, నూల్‌కోల్ ఆకు, కాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకులు, వాటి ఈనెలు, కొత్తిమీర కాడలు. పలక మీద ఎక్కడా ఇది గొప్ప పని అని రాసుకోలేదు. "ముల్లంగి ఆకు పుల్లగూర" అని కూర పేరు మాత్రమే ఉంటుంది. నాకు ఆ భోజనశాల మీద గౌరవం కలిగింది మొదట అక్కడే. పారేసే వస్తువును కాపాడుతున్నామని చెప్పి రుచిలేని కూర పెడితే జనం ఒకసారి తింటారు, రెండోసారి రారు. ఇక్కడ ఆకును ఆకుగానే గౌరవించి వండుతున్నారు.

ఆకులు ఎలా తెస్తారో చూడాలని అడిగితే భోజనశాల నడిపే ఆయన కాదనలేదు. డిసెంబరులో ఒక రోజు పొద్దున ఆరింటికి నేనూ రైతుబజారుకు వెళ్లాను. రాష్ట్రంలో 1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ నేను కూరగాయలు వాటిలోనే కొంటున్నాను. అయినా ఆ రోజు చూసింది అంతకు ముందు ఎప్పుడూ గమనించలేదు. ముల్లంగి కట్ట కొన్న ప్రతి ఇద్దరిలో ఒకరు ఆకు తెంపి ఇమ్మంటున్నారు. అమ్మే ఆమె ఒక్క మెలిక తిప్పి ఆకును వెనక్కి వేస్తోంది. అలా పడినదంతా వృథా అవుతుందని నేను అనను. చాలావరకు సాయంత్రానికి గేదెలకు వెళ్తుంది. కొంత కాళ్ల కింద నలిగి చెత్తబండి ఎక్కుతుంది. ఈయన చేసేది చాలా చిన్న పని. ఆమె వెనక నేల మీద తన గంప పెట్టి ఉంచుతారు. ఆకు మట్టిలో పడకుండా గంపలో పడుతుంది. గంపకు పది రూపాయలు ఇస్తారు. మొదట్లో ఊరికే ఇచ్చేవారట. డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక పండిన ఆకు, పురుగు తిన్న ఆకు వాళ్లే ఏరి తీసేస్తున్నారని చెప్పారు.

గంప నిండగానే దాని మీద తడిపిన గోనెసంచి కప్పారు. ఏడున్నరకు ఇంటికి చేర్చారు. ఈ తొందరలోనే అసలు సంగతి ఉంది. ముల్లంగి ఆకు వెడల్పుగా, పలుచగా ఉంటుంది. వేరు నుంచి విడిపోయాక కూడా నీటిని బయటకు వదులుతూనే ఉంటుంది. మన కర్నూలు ఎండలో, చలికాలంలో కూడా, పది దాటేసరికి వాడిపోతుంది. దుంపను ఆకుతోనే ఉంచితే ఇంకో నష్టం. ఆకు దుంపలోని నీటిని లాగేస్తుంది, దుంప త్వరగా బెండు పడుతుంది. కాబట్టి ఆకును, దుంపను విడదీయడం మంచి అలవాటే. విడదీశాక ఆకును ఆ రోజే వండేయాలి. దుంప వారం ఆగుతుంది, ఆకు ఆగదు.

ఇక పుల్లగూర. సీమలో ఆకుకూరను పులుపుతో ఉడికించి పప్పుగుత్తితో మెదిపే ఈ పద్ధతి అందరికీ తెలిసిందే. దాన్ని ముల్లంగి ఆకుకు ఆమె ఎలా మలిచారో రెండుసార్లు వంటింట్లో నిలబడి చూశాను. ముందు కడగడం. పెద్ద తొట్టిలో నీళ్లు పోసి ఆకులు ముంచి, నీళ్లు వంపకుండా ఆకులను పైకి ఎత్తి మరో తొట్టిలో వేస్తారు. వంపితే అడుగున చేరిన ఇసుక మళ్లీ ఆకుల మీదికే వస్తుంది. ఇలా మూడు నీళ్లు. తర్వాత నడి ఈనె ముదురుగా ఉంటే చీల్చి తీసి పక్కన పెడతారు. ముల్లంగి ఆకు మీద గరుకు నూగు ఉంటుంది. పచ్చిగా నమిలితే నాలుక గీరుకుపోతుంది. బాగా ఉడికితే ఆ గరుకు పోతుంది. మా ఇళ్లలో దీన్ని పక్కన పెట్టడానికి ఆ నూగే కారణమని నా ఊహ.

ఆకును చాలా పెద్ద ముక్కలుగా తరిగి వెంటనే మరిగే నీళ్లలో వేస్తారు. ఎందుకు అలా అని అడిగితే, "సన్నగా తరిగి ఉంచితే ఘాటెక్కుతుంది మేడమ్, పిల్లలు తినరు" అన్నారు. ఆమె అనుభవంతో చెప్పినదానికి నేను పాఠంలో చెప్పిన కారణం సరిగ్గా సరిపోయింది. ఆవ కుటుంబపు ఆకుల్లో ఘాటు సిద్ధంగా ఉండదు. గంధకం ఉన్న కొన్ని పదార్థాలు ఒకచోట, వాటిని విడగొట్టే ఎంజైము వేరొకచోట దాగి ఉంటాయి. కత్తి తగిలి కణాలు పగిలితే రెండూ కలుస్తాయి, ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఎంజైము పని ఆగిపోతుంది. అందుకే పెద్ద ముక్క, వెంటనే వేడి నీళ్లు. అదే ఆకుతో పచ్చడి చేసిన రోజు ఆమె సన్నగా తరిగి కాసేపు అలాగే వదిలేశారు. ఆ పచ్చడి ముక్కుకు ఎక్కింది. జొన్నరొట్టెతో ఎంత బాగుందో చెప్పలేను.

ఉడికే ఆకులో పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, ముందే మెత్తబడిన గుప్పెడు కందిపప్పు పడతాయి. గిన్నెకు మూత పెట్టరు. చింతపండు, టమాటా చివర్లోనే. పులుపు ముందే పడితే పప్పు పూర్తిగా ఉడకడానికి మొండికేస్తుంది, ఆకు పచ్చదనం కూడా పోతుంది. ఆకులోని పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. ఆమ్లం తగిలితే అది జారిపోయి ఆకు మట్టిరంగుకు తిరుగుతుంది. చాలా హోటళ్లలో పచ్చదనం కోసం వంటసోడా వేస్తారు. సోడా వేసిన ఆకు రంగు నిలుస్తుంది గానీ జిగురుగా నలిగిపోతుంది, విటమిన్లు కూడా పోతాయి. ఇక్కడ సోడా డబ్బా వంటింట్లోనే లేదు. ఉడికాక నీటిని వేరే గిన్నెలోకి వంచి, ఆకును మట్టి చట్టిలో వేసి, ఉప్పు చల్లి పప్పుగుత్తితో మెదుపుతారు. వంచిన నీటిని కొంచెం కొంచెంగా మళ్లీ పోస్తారు. తాలింపులో ఆవాలు, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి. ఇంగువ వేయరు, వేయకపోవడమే మంచిది. సంగటి ముద్దలో గుంట చేసి, అందులో ఈ పుల్లగూర, పైన చెంచాడు నెయ్యి వేసుకుని తినాలి. నెయ్యి అడిగితేనే వేస్తారు కాబట్టి అడగండి.

తీసి పక్కన పెట్టిన నడి ఈనెలు ఏమవుతాయని నాకు అనుమానం వచ్చింది. మరుసటి రోజు సాంబారులో కనిపించాయి, తోటకూర కాడల్లాగా. మా అమ్మ తోటకూర కాడల పులుసు చేసేది. బీరకాయ వండిన రోజు బీరపొట్టు పచ్చడి తప్పనిసరి. అరటి పువ్వు, అరటి దవ్వ మన వంటలో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇంత ఉన్న ఇంట్లో ముల్లంగి ఆకు ఎందుకు పెరట్లోకి పోయేదో అమ్మను అడిగే అవకాశం ఇప్పుడు లేదు.

బీట్‌రూట్ ఆకు గురించి కొంచెం ఆగి చెప్పాలి. బుధవారం బీట్‌రూట్ ఆకు వేపుడు చేస్తారు. వేరుశనగ పొడి, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కారం వేసి పొడిపొడిగా వేయిస్తారు. ఎర్రటి కాడలు అక్కడక్కడా తగులుతూ తియ్యగా ఉంటాయి. ఆ ఎరుపు అన్నానికి అంటుకుంటుంది. అది బెటాలైన్ అనే రంగు. ఎర్ర తోటకూరలోనూ, కాగితం పూలలోనూ ఉండేది అదే. బీట్‌రూట్ కూడా పాలకూర, తోటకూరల కుటుంబానికి చెందినదే. అందుకే పాలకూరకు ఉన్న మంచితో పాటు ఇబ్బంది కూడా దీనికి ఉంది. ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. మా అన్నయ్యకు రెండుసార్లు మూత్రపిండాల్లో రాళ్లు వచ్చాయి. వైద్యుడు పాలకూర తగ్గించమని గట్టిగా చెప్పారు. అన్నయ్యను తీసుకుని వెళ్లిన రోజు పలక మీద "ఆకు వేపుడు" అని మాత్రమే రాసి ఉంది. ఏ ఆకో రాయలేదు. ఆయన రెండోసారి వడ్డించుకున్నాక నేను కాడల రంగు చూసి గుర్తుపట్టాను.

నేను ఆమెతో పక్కన మాట్లాడాను. ఏ ఆకో తప్పకుండా రాయాలని, రాళ్ల సమస్య ఉన్నవాళ్లు అడగకుండానే తెలుసుకోగలగాలని చెప్పాను. ఆకును ముందు ఉడికించి నీళ్లు పారబోసి వేయిస్తే ఆ ఆమ్లం కొంత తగ్గుతుందని, పెరుగుతో కలిపి తింటే అందులోని కాల్షియం కడుపులోనే దాన్ని పట్టుకుంటుందని కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నారు. తర్వాతి బుధవారం పలక మీద "బీట్‌రూట్ ఆకు" అని స్పష్టంగా ఉంది. ఉడికించి పారబోయడం మాత్రం మొదలుపెట్టలేదు, రుచి పోతుందన్నారు. ఆ విషయంలో నేను ఆమెతో ఏకీభవించను. ఈ సమస్య ఉన్నవాళ్లు బుధవారం కాక వేరే రోజు వెళ్లడం మేలు. ముల్లంగి, నూల్‌కోల్ లాంటి ఆవ కుటుంబపు ఆకుల్లో ఈ ఆమ్లం తక్కువే.

అన్నయ్యతో వెళ్లిన రోజే మా బల్ల దగ్గర హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రవాడు ఒకడు కూర్చున్నాడు. వేపుడు నచ్చి, "అక్కా, ఇలా అన్ని కూరగాయల ఆకులూ తినొచ్చా? టమాటా ఆకు కూడా?" అని అడిగాడు. ఆమె, "వద్దు నాయనా, అది కూరాకు కాదు" అని వెంటనే చెప్పారు. ఆ ఒక్క మాట అక్కడున్న అందరూ వినేలా నేను మళ్లీ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. టమాటా, బంగాళదుంప మొక్కల ఆకుల్లో విషపదార్థాలు ఉంటాయి. బంగాళదుంప మీద ఎండ తగిలి పచ్చబడిన చోట కూడా సొలనిన్ అనే విషం చేరే అవకాశం ఉంది. ఆకు పారేయకూడదన్న ఉత్సాహంతో ఎవరూ వాటి జోలికి వెళ్లవద్దు. గుత్తి వంకాయలో తొడిమ ఉంచి వండుతాం కదా అని ఎవరో అన్నారు. ఆ తొడిమ సంగతి వేరు. వంగ ఆకును మన ఇళ్లలో ఎవరూ వండరు, అలాగే ఉండనివ్వండి.

కాలీఫ్లవర్ ఆకు కూర నన్ను నిరాశపరిచింది. రెండుసార్లు తిన్నాను. లోపలి లేత ఆకులు, చిన్న ఈనెలు బాగున్నాయి, బీన్స్‌లా కరకరలాడుతూ ఉన్నాయి. వాటితో పాటు ముదురు ఈనెలు కూడా ఒకే గిన్నెలో, ఒకేసారి వేసేశారు. అవి నమిలినా నలగలేదు. వాటిని ముందు వేసి, సగం ఉడికాక లేతవి వేస్తే సరిపోయేది. ముల్లంగి ఆకు మీద ఇంత శ్రద్ధ పెట్టిన చేయి ఇక్కడ ఎందుకు తొందరపడిందో తెలియదు. కాలీఫ్లవర్ మీద పురుగుమందులు ఎక్కువగా కొడతారు కాబట్టి నేను ఆ సంగతి కూడా అడిగాను. బయటి రెండు వరుసల ఆకులు పూర్తిగా తీసేస్తామని, మిగిలినవి ఉప్పునీళ్లలో అరగంట ఉంచి రెండుసార్లు కడుగుతామని ఆయన చెప్పారు. ఆకు పైన ఉన్న మందు కొంత పోతుంది, మొక్క లోపలికి ఇంకిన మందు కడిగితే పోదు. ఈ ఒక్క కూర విషయంలో మందు కొట్టని రైతు దగ్గర కొనమని ఆయనకు సలహా ఇచ్చాను.

కొత్తిమీర కాడల పచ్చడి గురించి ఒక్క మాట చాలు. ఆకులు మాత్రమే గిల్లి కాడ పారేసేవాళ్లు ఆ పచ్చడి రుచి చూస్తే, కాడలోనే వాసన ఎక్కువని ఒప్పుకుంటారు. సాంబారు, రసం, పెరుగు మామూలుగా ఉంటాయి. అప్పడం నూనె పీల్చి ఉంటుంది.

ఇంట్లో కూడా చేసి చూశాను. మొదటిసారి ముల్లంగి ఆకును పాలిథిన్ సంచిలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాను. పసుపురంగు తిరిగింది, అంచులు జిగటగా మారాయి, పారేయాల్సి వచ్చింది. ఆ రోజు మనసు చివుక్కుమంది. రెండోసారి మార్కెట్ నుంచి రాగానే ఆకు తెంపి, కడిగి, మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీసి, గట్టిగా పిండి, డబ్బాలో పెట్టాను. మూడో రోజున కూడా పుల్లగూరకు పనికొచ్చింది. నాలాగా ఒంటరిగా ఉండే మనిషికి ముల్లంగి కట్ట ఒకటి కొంటే ఆకు ఒక పూటకు, దుంప ఇంకో రెండు పూటలకు సరిపోతుంది. ఇప్పుడు మార్కెట్లో ఆకు తెంపమని నేను అడగడం లేదు. పక్కనున్నవాళ్లు తెంపించుకుంటుంటే ఆ ఆకు కూడా అడిగి తెచ్చుకుంటున్నాను.

భోజనశాలలో సరిచేసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. ఒక రోజు నూల్‌కోల్ ఆకు పప్పులో ఇసుక తగిలింది. ఆమె చూసి గిన్నె మొత్తం వెనక్కి తీసుకెళ్లి, వేరే కూర పెట్టి, ఆ రోజు డబ్బు తీసుకోలేదు. పుల్లగూరలో ఉప్పు కొన్ని రోజులు ఎక్కువవుతోంది. ఆకు గంప గంపకూ తేడాగా ఉంటుంది, ఉడికితే గుప్పెడైపోతుంది. పచ్చి ఆకును చూసి ఉప్పు వేస్తే అలాగే అవుతుంది. మెదిపాక వేస్తేనే లెక్క కుదురుతుంది. చేతులు కడుక్కునే చోట అడుగు జారుతుంది, పెద్దవాళ్లు జాగ్రత్తగా నడవాలి. ఒంటిగంట ప్రాంతంలో పదిహేను నిమిషాలు నిలబడాల్సి వస్తుంది, నీడకు వేపచెట్టు ఒక్కటే.

ఈ వారం పలక మీద కొత్త పేరు చూశాను, శనగాకు పప్పు. నల్లరేగడి చేలల్లో శనగ ఇప్పుడు గిల్లే అదనుకు వచ్చింది. కొన చిగురు గిల్లితే మొక్క పక్క కొమ్మలు వేస్తుంది, గిల్లిన చిగురు కూరకు వస్తుంది. గిల్లిన వేళ్లు పుల్లగా ఉంటాయి, ఆ పులుపు ఆకుదే. పప్పులో చింతపండు వేయలేదని చెప్పారు, అవసరం కూడా లేదు. ఈ పప్పు ఇంకో రెండు మూడు వారాలే దొరుకుతుందట, ఆకు ముదిరితే ఆపేస్తారు.

పుల్లగూర సోమ, గురువారాల్లో ఉంటుంది. పన్నెండున్నర లోపల వెళ్లండి, ఒంటిగంట దాటితే చట్టి అడుగు కనిపిస్తుంది. గిన్నె వెంట తీసుకెళ్తే ఇద్దరికి సరిపడా పుల్లగూర 30 రూపాయలకు ఇస్తారు. ప్లాస్టిక్ సంచిలో మాత్రం పోసి ఇవ్వరు.